అంచు గీద్దాం – 4వ పాఠం: లేపాక్షి స్తంభం నుంచి గళ్ల కాగితానికి

చీర అంచుల కోసం ఇంతవరకు గీతలు, గళ్లు, టెంపుల్ బార్డర్ గీశాం. అవన్నీ ఇంట్లో కూర్చుని గీసేవే. ఈసారి ఇల్లు కదలాలి. ఒక శని, ఆదివారం ఖాళీ చేసుకుని లేపాక్షి గుడికి వెళ్లండి. అక్కడి స్తంభాల మీది డిజైన్‌ను చీర అంచుగా మార్చడమే ఈ పాఠం. అమ్మనో, అత్తమ్మనో, ఇంట్లో ముగ్గు చెయ్యి తిరిగిన పెద్దవాళ్లు ఎవరుంటే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. మర్యాద కోసం చెప్తున్న మాట కాదు ఇది. ఈ పాఠంలో సగం వాళ్లకే తెలుసు.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. లెక్కల గళ్ల నోటుబుక్కు, పెన్సిల్, రబ్బరు, స్కేలు, ఫోన్. గుళ్లో చెప్పులు ఉండవు, ఎండెక్కితే బండ మీద కాలు పెట్టలేం కాబట్టి అందరికీ మందపాటి సాక్సులు. అమ్మను ఏదైనా పాత జరీ చీర కట్టుకోమనండి, దానితో పనుంది.

అనంతపురం నుంచి కారులో అయితే బెంగళూరు హైవే పట్టుకుని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హిందూపురం వైపు తిరగాలి. రైలైతే హిందూపురంలో దిగి బస్సో ఆటోనో ఎక్కాలి. 2022లో జిల్లాలు విడిపోయాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ అది అనంతపురం జిల్లానే. పొద్దున్నే ఉగ్గాని తిని బయల్దేరితే ఎండ ముదరకముందే చేరొచ్చు.

ఎండ సంగతి ఊరికే ఎత్తలేదు. స్తంభాల మీది నగిషీ చాలా తక్కువ లోతుది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు అది రాయిలో కలిసిపోయి కంటికి ఆనదు. ఉదయమో, సాయంత్రం నాలుగు దాటాకో ఎండ ఏటవాలుగా పడుతుంది. అప్పుడు ప్రతి గీతకూ సన్నని నీడ వచ్చి డిజైన్ పైకి తేలుతుంది. నీడలో ఉన్న స్తంభమైతే ఫోన్ టార్చిని ఒక పక్క నుంచి, రాయికి దాదాపు ఆనించినంత వాలుగా పట్టండి. ఇది రాతి స్తంభాలకు మాత్రమే. పైకప్పు బొమ్మల మీద టార్చి గానీ ఫ్లాష్ గానీ వేయొద్దు. రాయి మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దే పని కూడా వద్దు.

ఈ గుడి అచ్యుతదేవరాయల కాలంనాటిది (ఆయన పాలన 1529 నుంచి 1542 వరకు). విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కూర్మశైలం మీద కట్టించారని చెబుతారు. వచ్చినవాళ్లంతా వేలాడే స్తంభం దగ్గర గుంపు కట్టి, దాని కింద గుడ్డ దూర్చి, ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరూ దూర్చండి, తప్పేం లేదు. ఆ తర్వాత అసంపూర్తిగా మిగిలిపోయిన కల్యాణ మండపం వైపు నడవండి. దాని పక్కనే లతా మండపం. మనం వచ్చింది దీనికోసం. ఇక్కడి స్తంభాల మీద దేవుళ్లకంటే డిజైన్లే ఎక్కువ. లతలు, పూలు, పక్షులు, వలయాలు. ఒక ముఖం మీద ఉన్నది పక్క ముఖం మీద ఉండదు. చీరల అంచులకు, దుప్పట్లకు, అద్దకాలకు ఇక్కడి నుంచి ఎత్తుకుపోయిన నమూనాలను లేపాక్షి డిజైన్లనే పేరుతోనే అమ్ముతారు.

ఇప్పుడు పాఠం. అన్నీ గీయాలని ఆశపడకండి, ఒక్క ముఖం ఎంచుకోండి. వెంటనే పెన్సిల్ పట్టొద్దు. ముందు యూనిట్ వెతకాలి. యూనిట్ అంటే, దాన్ని పక్కన పక్కన పేర్చుకుంటూ పోతే మొత్తం డిజైన్ వచ్చేసే అతి చిన్న ముక్క. వెతికే పద్ధతి ఇది. కంటికి బాగా ఆనే గుర్తు ఒకటి పట్టుకోండి, పువ్వు నడిమి బొట్టు లాంటిది. అక్కడి నుంచి వేలు గాల్లోనే, రాయికి తగలకుండా, పక్కకు జరుపుతూ పోండి. అచ్చం అలాంటి బొట్టే మళ్లీ వచ్చిన చోట ఆగండి. అది వెడల్పు. అలాగే పైకి జరపండి. అది ఎత్తు. పైకి వెళ్తే సరిగ్గా అదే నిలువులో బొట్టు దొరక్కుండా, రెండు బొట్ల సందులోకి వచ్చిందనుకోండి, అది వేరే జాతి. అక్కడే అమ్మ అవసరం.

మా అమ్మ ఒక స్తంభం ముందు నిలబడి, నేను స్కేలు తీసి లెక్కలు వేసుకుంటుంటే కాసేపు చూసింది. తర్వాత, "ఏంది పాపా, అంతసేపు కొలుస్తాండావు? ఇది సందు చుక్క. అయిదు పెట్టి మూడు దాకా తే, వచ్చేస్తాది" అనేసి నీడకు పోయి కూర్చుంది. పాఠమంతా ఆ మాటలోనే ఉంది. విడమరచి చెప్తాను.

ముగ్గులో చుక్కలు పెట్టే తీరు ముఖ్యంగా రెండు రకాలు. సరి చుక్క అంటే ప్రతి వరుసలోనూ చుక్క కింద చుక్క. సందు చుక్క అంటే పై వరుసలో రెండు చుక్కల మధ్య సందులోకి కింది వరుస చుక్క. డిజైన్ కాలేజీల్లో పూర్తి రిపీట్, సగం జరిపిన రిపీట్ అని బోర్డు మీద గీసి చెప్పేది కూడా ఇదే. వాకిట్లో రోజూ చుక్కలు పెట్టే మనిషికి రాతి మీది డిజైన్‌లో పువ్వు కంటే ముందు పువ్వు వెనకాల ఉన్న చుక్కలు కనిపిస్తాయి. మనం కూడా వాటినే చూడటం నేర్చుకోవాలి.

నోటుబుక్కు తీయండి. ముందు సరి చుక్క: 5 చుక్కలు, 5 వరుసలు. ప్రతి చుక్క నుంచి పక్క చుక్కకు ఒక ఆకు గీయండి, రెండు కొసలూ చుక్కల మీద ఆనేలా. కింది చుక్కకూ అలాగే. ఏటవాలుగా ఉన్న చుక్కలను కలపొద్దు. అన్నీ అయ్యాక చూస్తే లోపలి 9 చుక్కల చుట్టూ నాలుగు రేకుల పూలు నిలబడతాయి. ఇంకా తమాషా ఏమిటంటే, మీరు ఒక్క వలయమూ గీయలేదు. కానీ నాలుగు చుక్కల గడి చుట్టూ ఉన్న నాలుగు ఆకుల బయటి అంచులను కంటితో కలపండి, నిండు వలయం కనిపిస్తుంది. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన వలయాల డిజైన్ అంటే ఇదే. వృత్తలేఖినితో గీయబోతే చెయ్యి నొప్పెడుతుంది. ఆకులతో వెళ్తే అయిదు నిమిషాల పని.

ఇప్పుడు అమ్మ చెప్పింది. నడుమ 5 చుక్కలు, పైకి 4, 3, కిందికి 4, 3. మొత్తం 19. ప్రతి చుక్కనూ దాని చుట్టూ ఉన్న దగ్గరి చుక్కలన్నింటితోనూ ఆకులతో కలపండి. ఈసారి ఆరు రేకుల పూలు వస్తాయి. పూర్తిగా విచ్చుకున్నవి 7. అంచుల్లోవి సగం సగం ఉంటాయి, అలాగే వదిలేయండి. రాతి మీద కూడా స్తంభం అంచు దగ్గర డిజైన్ తెగిపోయినట్టు ఆగుతుంది. శిల్పి కొలత తప్పాడని కాదు, డిజైన్ అవతలికి కూడా సాగుతోందన్న భ్రమ అలా వస్తుంది.

ఇంతవరకు ముగ్గు. అంచు కావాలంటే దీన్ని గళ్లలోకి దించాలి. మగ్గానికి వంపు గీతలు తెలియవు. పడుగు, పేక నిలువూ అడ్డమూ తప్ప ఇంకో దారి ఎరగవు కాబట్టి, ప్రతి వంపునూ మెట్లుగా మార్చాలి. చుక్కకూ చుక్కకూ మధ్య 20 గళ్లు తీసుకోండి. ఆకు పై అంచుకు మెట్ల వరుస ఇలా: 1 గడి, ఒక మెట్టు పైకి, 1 గడి, పైకి, 2, పైకి, 3, పైకి, నడుమ 6. ఇక దిగడం: 3, 2, 1, 1. కలిపితే 20. కింది అంచు దీనికి అద్దంలో ప్రతిబింబం. ఆకు పొడుగు 20, నడుము 10.

ఈ అంకెలు కంఠతా పట్టనక్కర్లేదు. ఒక్కటి గమనించండి: 1, 1, 2, 3, 6 అని మెట్టు వెడల్పు పెరుగుతూనే పోయింది, మధ్యలో ఎక్కడా తగ్గలేదు. 1, 3, 1, 2 అని ఎగుడుదిగుడుగా వేస్తే గుడ్డ మీద ఆకు గతుకుల రోడ్డులా వస్తుంది. వంపు నున్నగా రావాలంటే చూసుకోవాల్సింది ఇదొక్కటే.

అమ్మ చీరతో పని ఇప్పుడు. కొంగు తిరగేసి చూడండి. పెద్ద పువ్వు ఉన్నచోట వెనకవైపు జరీ పోగులు కొన్ని వదులుగా సాగి ఉంటాయి, గోటితో మీటితే లేస్తాయి. మా అమ్మ చీరలో అలాంటి చోట గాజు తగిలి తగిలి రెండు పోగులు తెగి, కొసలు మీసాల్లా నిలబడ్డాయి. ఇప్పుడు ముందువైపు చూడండి. పువ్వు రేకు నిండుగా ఉందనుకుంటాం గానీ, దగ్గరికి తెచ్చుకుంటే మధ్య మధ్య చిన్న చుక్కలు కనిపిస్తాయి. అందం కోసం పెట్టినవి కావవి, పొడుగు పోగును మధ్యలో పట్టి ఉంచే కట్లు. మన ఆకులో నడిమి వరుస 20 గళ్లు. దాన్ని మొత్తం నలుపు నింపకండి. అయిదారు గళ్లకు ఒకటి ఖాళీ వదలండి, కింది వరుసలో ఆ ఖాళీని పక్కకు జరపండి.

యూనిట్ అతి చిన్నదిగా ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తెచ్చిన పద్ధతే ఇప్పటికీ ధర్మవరం మగ్గాల మీద తిరుగుతోంది. గ్రాఫ్‌లో ఒక్కో అడ్డ వరుసకు చిల్లులు పొడిచిన ఒక్కో అట్ట. మన నాలుగు రేకుల పువ్వు యూనిట్ ఎత్తు 20 గళ్లు, అంటే 20 అట్టలు గొలుసుగా కుట్టి తిప్పితే చాలు, చీర పొడుగునా అదే పువ్వు. తెలియక రెండు పూలను కలిపి ఒక యూనిట్ అనుకుంటే 40 అట్టలు. సందు చుక్కకు ఎటూ రెండు వరుసలు కలిస్తే గానీ యూనిట్ పూర్తి కాదు కాబట్టి అట్టలు ఎక్కువే పడతాయి. మీ గ్రాఫ్ నేతగాడి చేతికి వెళ్లాక ఆయన మొదట చూసేది పువ్వును కాదు, ఈ లెక్కను.

ఎండ ఎక్కేసరికి నాట్య మండపంలోకి రండి. కప్పు మీద కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం లాంటి కథలున్నాయి. కథలు గైడ్ చెప్తాడు, మీరు చీరలు చూడండి. కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చ, ఈ నాలుగైదు రంగులతోనే ఒక్కో ఆడమనిషికి ఒక్కో చీర వేశారు. అడ్డగీతలు, గళ్లు, పూలు. కొంగు కొస గాలిలో కర్రలా బిరుసుగా నిలబడి ఉంటుంది. మెడలెత్తి చూస్తే పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి ఒడిలో పెట్టుకుంటే కప్పు మొత్తం కిందికి వస్తుంది, జూమ్ కూడా చేసుకోవచ్చు. మా అమ్మ కథలన్నీ వదిలేసి అంచులు ఎంత వెడల్పున్నాయో చూసుకుంటూ కూర్చుంది. నా మట్టుకు నాకు లేపాక్షిలో అన్నిటికంటే ఇష్టమైనవి ఆ చీరలే, పెద్ద నంది కంటే కూడా.

ఒకే మొండేనికి మూడు తలలున్న ఎద్దు బొమ్మ కూడా ఉంది, అడిగితే చూపిస్తారు. రెండు తలలను చేత్తో మూసి చూస్తే ఒక భంగిమ, చెయ్యి జరిపితే ఇంకోటి. మన ఆకు గీత ఒకటే అటు పువ్వుకూ ఇటు వలయానికీ పనికొచ్చినట్టు, అక్కడ ఒళ్లు ఒకటే మూడు తలలకూ పనికొస్తుంది. నంది దగ్గర మెడలోని గంటల హారం మాత్రం గీసుకోండి, సన్న అంచుకు బాగుంటుంది.

ఆదివారం తిరుగు దారిలో ధర్మవరం పక్కన నిమ్మలకుంట వెళ్లగలిగితే మంచిది. తోలుబొమ్మల ఊరు. మేక తోలును పలచగా చేసి, చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. వెనక దీపం పెట్టగానే ఆ చిల్లులే నగలవుతాయి. ఇప్పుడు ల్యాంప్ షేడ్లు కూడా చేస్తున్నారు. చిల్లుల వరుసల్లో సరి చుక్క ఎక్కడుందో, సందు చుక్క ఎక్కడుందో అమ్మను అడగండి.

ఇంటి పని: సరి చుక్క 5 వరుసలది, సందు చుక్క 5 నుంచి 3 ది, రెండూ ముగ్గుగా ఒకసారి గీయాలి. నాలుగు రేకుల పువ్వును గళ్లలోకి దించి, కట్ల కోసం ఖాళీలు వదిలి, అద్దం పక్కన పెట్టి చూడాలి. అతుకు దగ్గర గీత విరిగితే మెట్లు మళ్లీ లెక్కపెట్టండి. 5వ పాఠంలో ఇదే పువ్వును కొంగులోకి తీసుకెళ్తాం. దానికి ఇంకో రంగు పెన్సిల్, ఇంకో నాలుగు పేజీల గళ్ల కాగితం కావాలి.