పెగ్ ట్యూబ్‌తో వచ్చే చిక్కులు: ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

పక్షవాతం వల్లనో గొంతు క్యాన్సర్ వల్లనో మింగలేని వారికి, ఎండోస్కోపీ సాయంతో పొట్ట గోడ గుండా జీర్ణాశయంలోకి అమర్చే గొట్టమే పెగ్ ట్యూబ్. దానితో వచ్చే చిక్కుల్లో ఇంటివారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది, గొట్టం ఊడివస్తే ఏం చేయాలన్నది.

అమర్చిన మొదటి నాలుగు వారాల్లో జీర్ణాశయం పొట్ట గోడకు ఇంకా గట్టిగా అతుక్కోదు. అప్పుడు ఊడిన గొట్టాన్ని కంగారులో మళ్ళీ లోపలికి తోస్తే, అది జీర్ణాశయం బయట పడవచ్చు. దాన్ని గమనించక జావ పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. కనుక దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. గాయం మానిన తర్వాత ఊడినా, రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకోవడం మొదలవుతుంది కాబట్టి, తెల్లవారాక చూద్దామని ఆగకుండా, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, కొలత తెలిసేలా ఊడిన గొట్టాన్ని వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.

గొట్టం మీద సెంటీమీటర్ల గీతలుంటాయి. చర్మం దగ్గర ఏ అంకె ఉందో మొదటిరోజే రాసిపెట్టుకుని రోజూ సరిచూడాలి. గొట్టం జారకుండా చర్మం మీద ఒక బిళ్ల, జీర్ణాశయం లోపల ఒక బిళ్ల ఉంటాయి. బయటి బిళ్ల చర్మాన్ని నొక్కకుండా అర నుంచి ఒక సెంటీమీటరు ఎడం ఉండాలి; అది బిగుసుకుని ఉంటే లోపలి బిళ్ల క్రమంగా జీర్ణాశయం గోడలో కూరుకుపోతుంది. గొట్టం తిరగకపోవడం, నీళ్ళు ఎక్కకపోవడం, పోస్తుంటే నొప్పి రావడం దాని లక్షణాలు. ఇది రాకుండా, గాయం మానాక వైద్యులు చూపిన విధంగా గొట్టాన్ని కాస్త లోపలికి జరిపి తిప్పాలి. అయితే గొట్టం చిన్నపేగు దాకా సాగి ఉన్నవారికి తిప్పకూడదు.

రంధ్రం చుట్టూ కొద్దిగా తడి, లేత ఎరుపు మామూలే. ఎరుపు పాకుతున్నా, చీము, దుర్వాసన, జ్వరం కనిపించినా వైద్యులకు చూపించాలి. మొదటి మూడు రోజుల్లో ఆహారం పోస్తుంటే నొప్పి పుట్టినా, తాజా రక్తం వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోకుండా, పోసేటప్పుడూ ఆ తర్వాత కనీసం అరగంటా తల వైపు ముప్పై డిగ్రీలకు తగ్గకుండా ఎత్తి ఉంచాలి.

గొట్టం పూడుకుపోవడానికి సాధారణ కారణాలు సరిగా వడకట్టని రాగిజావ, పొడిచేసిన మాత్రలు. ఆహారానికి ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల నీళ్ళతో కడగాలి. అయినా పూడితే, పెద్ద సిరంజితో గోరువెచ్చని నీటిని నెమ్మదిగా ఎక్కిస్తూ, వెనక్కి లాగుతూ ప్రయత్నించాలి. కూల్‌డ్రింకు పోయడం, తీగతో పొడవడం చేయకూడదు.