సెల్లార్‌లో ఊట: ముందు ఆ నీరు ఎక్కడిదో తేల్చండి

నేను మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శినైన ఏడాదే సెల్లార్‌లో చీలమండ లోతు నీరు నిలిచింది. హైదరాబాద్‌లో చెరువు దిగువన ఇల్లు కొనుక్కున్నవాళ్లకు ఇదేమీ వింత కాదు. కానీ దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, కార్తీక దీపాలు పెట్టే రోజులు వచ్చినా నీరు తగ్గలేదు. ర్యాంపు మీదుగా దిగిన వాన నీరైతే తోడేస్తే ఇక రాదు. వాన వెలిసి నెల దాటినా గోడ మొదలు చెమరుస్తూనే ఉంటే ఊటను అనుమానించాలి.

అనుమానమే సుమా. మేం మొదట నిందించింది మాత్రం ఒకటో అంతస్తు వాళ్ల బాత్రూమును. తర్వాత బుద్ధి తెచ్చుకుని మూడు పరీక్షలు చేశాం. రాత్రి మంచినీటి సంపు నింపి, వాల్వులన్నీ కట్టేసి, కర్ర దించి తడి ఎంతవరకు ఉందో గుర్తు పెట్టాం. తెల్లారి కూడా తడి అదే గుర్తు దగ్గర ఉంది. అంటే సంపు కారడం లేదు. తర్వాత గోడకు రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేశాం. చుక్కలు పాలిథిన్ బయటివైపు పడితే గాలిలోని తేమ, గోడవైపు పడితే గోడలోంచి వస్తున్న నీరు. మాకు గోడవైపే పడ్డాయి. చివరగా నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూశాం. ఇళ్లలో వాడే నల్లా నీరు 190, బోరు నీరు 840, సెల్లార్ నీరు 810. అంటే ఇది ఇళ్లలోంచి కారింది కాదు, నేలలోంచి ఊరుతున్న నీరే. ఒకటో అంతస్తు ఆవిడకు క్షమాపణ చెప్పడానికి వెళితే కాఫీ ఇచ్చారు గానీ, అందులో చక్కెర లేదు.

మా నేల కింద మొరం, దాని కింద గ్రానైటు. ఇంకిన వాన నీరు మొరంలో దిగి, రాయి మీద ఆగి, పల్లానికి జారుతుంది. సెల్లార్ తవ్వడమంటే ఆ దారికి అడ్డంగా గిన్నె పెట్టడమే. పైగా గోడ వెనక సందును దిమ్మిస కొట్టిన మట్టితో కాకుండా ఇటుక ముక్కలతో, సిమెంటు గోతాలతో పూడ్చేశారు. అది బావిలా నిండుతుంది. మీటరు లోతు నీరు నిలిస్తే అడుగున చదరపు మీటరుకు టన్ను బరువుతో నెడుతుంది. అందుకే లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ పూత పూయించడం మేం చేసిన అతి ఖరీదైన తప్పు. సంక్రాంతికల్లా పూత బూరెలా పొంగింది. వేలితో పొడిస్తే నీరు చొక్కా మీద చిమ్మింది.

అసలు దొంగ మా ఇంకుడు గుంతే. గోడకు నాలుగడుగుల దూరంలో తవ్వి, డాబా గొట్టాలన్నీ అందులోకే కలిపారు. పైన పోసి కింద తోడుకుంటున్నామన్నమాట! గుంతను మూసేయకుండా స్థలం దిగువ మూలకు మార్చాం. గోడ వెంట నేలను బయటికి వాలేలా సరిచేశాం. ఆ రెండు పనులకే ఊట సగానికి పడిపోయింది.

మిగిలిన నీటికి దారి ఇవ్వాలి. గోడ మొదట్లో, లోపలివైపు ఆరంగుళాల వెడల్పు కాలువ తీసి, వంద అడుగులకు అడుగు వాలుతో, పంపుతో తోడేందుకు సెల్లార్ మూలన తవ్విన గుంతలోకి కలపండి. గోడకు రంధ్రాలు పెట్టాలంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా డ్రిల్లు పట్టనివ్వకండి. ధారగా కారే పగుళ్లలోకి పాలీయురేథేన్ ఎక్కిస్తారు. అది నీరు తగలగానే నురుగులా ఉబ్బి పగులును మూస్తుంది.

పంపు ఎంతది కావాలో దుకాణంవాడిని అడగకండి, గుంతనే అడగండి. మాది పొడవూ వెడల్పూ మూడేసి అడుగులు. పంపు ఆపాక నీరు అడుగు ఎత్తు పెరగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అడుగంటే సుమారు 255 లీటర్లు, గంటకు 765. అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ధారాళంగా సరిపోతుంది. నీటి మట్టాన్ని బట్టి పంపును తానే వేసి ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి, రెండో పంపు సిద్ధంగా ఉంచండి. రెండింటినీ జనరేటర్‌కు కలపండి. కుండపోత కురిసిన రాత్రే కరెంటు పోతుంది. నిలిచిన నీటిలో దిగే ముందు సెల్లార్ కరెంటు పూర్తిగా ఆపించి, లిఫ్టును పై అంతస్తులో నిలిపేయాలి.

పంపు పెట్టిన మొదటి వారం రోజూ ఒక గ్లాసు నీరు పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. తొలి రోజు కాస్త మడ్డి కనిపించడం మామూలే. రోజూ ఇసుక పేరుకుంటుంటే పంపు ఆపి ఇంజనీరును పిలవండి. నీటితోపాటు పునాది కింది మట్టి కూడా వస్తోందేమో చూడాలి.

తోడిన నీరు ఇప్పుడు మొక్కలకు పోతోంది. ఊట ఆగిన రోజున మా వాచ్‌మన్ గోడ మీద బొగ్గుతో తారీఖు రాస్తాడు. మొదటి ఏడాది మార్చి 21 అని ఉంది, దాని కింద ఈ ఏడాదిది ఫిబ్రవరి 9.