ఫంగస్ లైపేజ్ మూత తెరుచుకోవడం మీ లాప్‌టాప్‌లో చూడాలంటే

ఆదివారం పొద్దున తార్నాకలోని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురు బీఎస్సీ పిల్లలు కూర్చుంటారు. నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. కొవ్వును ముక్కలు చేసే ఎంజైమ్ లైపేజ్ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక గుండ్రటి బొమ్మ గీసి, అందులో చిన్న గుంట పెట్టి, "కొవ్వు ఇందులోకి వెళ్తుంది" అనేదాన్ని. పోయినేడు ఒకమ్మాయి పుస్తకంలోని రంగు బొమ్మను చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "మేడమ్, మరి దారి ఏది?" అని అడిగింది. నిజమే, ఆ బొమ్మలో దారి లేదు. ఆ రాత్రి నేనే కూర్చుని వెతుక్కున్నాను. అప్పుడు దొరికిన పద్ధతే ఇది.

ముందు ఏ ఎంజైమ్ చూడాలో తేల్చుకోండి. రైజోమ్యూకర్ మీహీ అనే ఫంగస్ లైపేజ్‌తో మొదలుపెట్టమంటాను. 1990లో, లైపేజ్‌ల నిర్మాణాలు మొట్టమొదటగా బయటికొచ్చినప్పుడు వచ్చినవాటిలో ఇదొకటి. 269 అమైనో ఆమ్లాలే కాబట్టి కళ్లు చెదరవు. ఇంకో ముఖ్య కారణం, ప్రొటీన్ల నిర్మాణాలు దాచి ఉంచే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో దీనికి మూత (కొవ్వును కోసే చోటును కప్పే చిన్న భాగం) మూసి ఉన్న రూపమూ, తెరిచి ఉన్న రూపమూ రెండూ ఉన్నాయి. అక్కడ మూసినదాని కోడ్ 3టీజీఎల్, తెరిచినదాని కోడ్ 4టీజీఎల్. పుస్తకాల్లో వేసేది చాలావరకు ఒక్క రూపమే. ఒక్కదాన్ని ఎన్ని గంటలు చూసినా ఈ ఎంజైమ్ అర్థం కాదు.

ఈ నిర్మాణాలను స్క్రీన్ మీద తిప్పి చూపించే కైమెరాఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ దించుకోండి. చదువుకునేవాళ్లకు ఉచితం. కింద కమాండ్ కొట్టే గీత ఉంటుంది. నేను తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. "ఓపెన్ 3టీజీఎల్", తర్వాత "ఓపెన్ 4టీజీఎల్". రెండూ ఎక్కడెక్కడో పడతాయి, టెన్షన్ పడకండి. "మ్యాచ్‌మేకర్ #2 టు #1" అంటే రెండోది వచ్చి మొదటిదాని మీద సర్దుకుంటుంది. నీటి అణువుల చుక్కలు అడ్డొస్తే "డిలీట్ సాల్వెంట్".

ఇప్పుడు తొందరపడి ఉపరితలం చూపించే బటన్ నొక్కకండి. మా పిల్లలందరూ ముందు అదే నొక్కుతారు, అప్పుడు ఆలుగడ్డ లాంటి ముద్ద తప్ప ఇంకేమీ కనబడదు. రిబ్బన్ రూపంలోనే ఉంచి, మధ్యలో పలకల్లా వరుసగా పేర్చిన బీటా పోగులనూ, వాటి పక్కన చుట్టలు తిరిగిన హెలిక్స్‌లనూ గుర్తుపట్టండి. తర్వాత "షో :144,203,257 ఆటమ్స్" కొట్టండి. ఆ స్థానాల్లోని అమైనో ఆమ్లాలు సెరీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, హిస్టిడిన్ కనబడతాయి. వరుసలో ఎక్కడో దూరంగా ఉండే ఈ మూడూ గొలుసు మడత పడ్డాక పక్కపక్కకు వచ్చాయి. కొవ్వును కోసేది ఈ ముగ్గురే. 144వ సెరీన్ దగ్గర కాసేపు ఆగండి. బీటా పోగు అయిపోయి హెలిక్స్ మొదలయ్యే చోట గొలుసు మోచేయిలా చటుక్కున వంగుతుంది, సెరీన్ సరిగ్గా ఆ వంపు కొన మీద ఉంటుంది. అటూ ఇటూ ఉన్నవి చూడండి: గ్లైసీన్, హిస్టిడిన్, సెరీన్, ల్యూసీన్, గ్లైసీన్. అంత బిగువైన వంపులో ఇరుకు లేకుండా పట్టాలంటే గ్లైసీన్ లాంటి చిన్నది కావాలి.

ఇక మూత. "కలర్ :82-96 ఆరెంజ్" కొట్టండి. ఒక రూపంలో ఆ నారింజ హెలిక్స్ సెరీన్‌ను కప్పేసి ఉంటుంది. రెండోదానిలో పక్కకు దొర్లి ఉంటుంది. మూత మధ్యభాగం 8 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా జరుగుతుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. మనకు లెక్కలోకి రాని దూరమే గానీ, ఇంత చిన్న ఎంజైమ్‌కు అది తలుపు బార్లా తీయడమే. ఈసారి 88వ ట్రిప్టోఫాన్‌ను కూడా చూపించండి. మూత మూసి ఉన్నప్పుడు అది లోపలికి తిరిగి ఉంటుంది, తెరిచాక బయటికి వస్తుంది. దారి ఏదని అడిగిన అమ్మాయి ఇక్కడే పెన్ను కొనతో స్క్రీన్ తాకి, "నూనెను ఇష్టపడే వైపంతా బయటికి తిరిగింది మేడమ్" అంది.

సరిగ్గా చెప్పింది. ఉపరితలం ఇప్పుడు చూడండి. పైన టూల్‌బార్‌లో హైడ్రోఫోబిక్ అనే బటన్ ఉంది. నీటిని దూరం పెట్టే చోట్లు పసుపు గోధుమ రంగులో, నీటికి ఇష్టమైనవి నీలిరంగులో వస్తాయి. మోడల్స్ జాబితాలో ఒకదాన్ని దాచి ఒకదాన్ని చూస్తే, తెరిచిన రూపంలో సెరీన్ చుట్టూ పసుపు ప్రాంతం పెరిగిందని తెలుస్తుంది. పిల్లలకు నేను మిర్చీ కా సాలన్ గిన్నె చూపిస్తాను. పైన నూనె తేలుతుంది, కింద పులుసు. ఈ లైపేజ్ పని ఆ రెండూ కలిసే అంచు మీదే. నీటిలో ఉన్నప్పుడు మూత వేసుకుని నూనె ఇష్టపడే వైపును దాచుకుంటుంది. అంచు తగిలితే ఆ వైపు నూనెకు ఆనుకుంటుంది, సెరీన్‌కు దారి పడుతుంది.

"మార్ఫ్ #1,2" కొడితే మూత తెరుచుకోవడం సినిమాలా ఆడుతుంది. క్లాసులో బాగా పనికొస్తుంది. కానీ మొదటి, చివరి రూపాలే స్ఫటికాల నుంచి వచ్చినవి, మధ్యలోవి సాఫ్ట్‌వేర్ ఊహించి నింపినవి. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఇంకో విషయం, 4టీజీఎల్‌లో మూత తెరిచి ఉన్నప్పుడు సెరీన్‌కు ఒక నిరోధకం, అంటే ఎంజైమ్ పనిని ఆపేసే అణువు, అతుక్కుని ఉంది. అక్కడున్నది నూనె చుక్క కాదు.

ఇది వంటబట్టాక 1టీసీఏ తెరవండి. కాండిడా అంటార్కటికా లైపేజ్ బి, 317 అమైనో ఆమ్లాలు, నిర్మాణం 1994లో వచ్చింది. ఇక్కడ వెతకాల్సింది 105వ సెరీన్‌ను. దారి ముందే తెరిచి ఉంటుంది, ఇందాకటిలాంటి పెద్ద మూత కనబడదు. సెరీన్‌కు రెండు స్థానాల ముందు, మనం గ్లైసీన్ ఉంటుందనుకున్న చోట, థ్రియోనిన్ ఉంటుంది. మోచేయి వంపు మాత్రం అలాగే ఉంది.