టూ బీ ఇంటిగ్రేషన్ చదువుడు కాదు, రాసుడు

ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ టూ బీ రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, హన్మకొండ హాస్టల్‌ల ఉండేటోళ్లకైనా ములుగు దిక్కు నుంచి రోజూ బస్సుల వచ్చేటోళ్లకైనా నేను చెప్పేది ఒకటే, ఇంటిగ్రేషన్ చూస్తే రాదు, రాస్తేనే వస్తది. గైడ్ ముంగటేసుకుని సొల్యూషన్ చూస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటది, మూసేసి తెల్ల కాయితం మీద మొదలువెడితే రెండో లైన్‌ల ఆగిపోతం. నేను ప్రీఫైనల్‌ల గట్లనే ఆగిపోయిన, మస్తు ఏడ్చిన.

పేపర్ 75 మార్కులకు, టైం 3 గంటలు. 2 మార్కులవి పదికి పది రాయాలె, 4 మార్కులవి ఏడిట్ల ఐదు, 7 మార్కులవి కూడ ఏడిట్ల ఐదు. ఆ పెద్ద ప్రశ్నలల్ల సర్కిల్స్, పారాబోలా పోను మిగిలినయి మామూలుగ ఇంటిగ్రేషన్, డెఫినిట్ (కింద, మీద లిమిట్స్ ఉండే ఇంటిగ్రేషన్), డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నుంచే వస్తయ్.

అసలు కష్టం లెక్క చేసుడు కాదు, ఏ పద్ధతి వాడాల్నో గుర్తువట్టుడు. అందుకే రోజుకు 20 లెక్కలు తీసి మొదటి స్టెప్ ఒక్కటే రాయుర్రి, పూర్తి చెయ్యొద్దు. ఎక్స్ ఇంటు ఈ పవర్ ఎక్స్ కనవడితే బై పార్ట్స్, అంటే గుణించిన రెండు ఫంక్షన్లను విడదీసి చేసే పద్ధతి. కింద ఐదు ప్లస్ నాలుగు కాస్ ఎక్స్ ఉండి పైన ఒకటి ఉంటే టాన్ ఎక్స్ బై టూని టీ అనుకోవాలె, అప్పుడు డీఎక్స్ జాగల రెండు డీటీ బై వన్ ప్లస్ టీ స్క్వేర్ వస్తది, చాలామంది ఇదే మర్చిపోతరు, సరిగ్గ పెడితే కింద తొమ్మిది ప్లస్ టీ స్క్వేర్, పైన రెండు మిగులుతయ్, ఇగ ఫార్ములానే. జవాబు మీద డౌట్ ఉంటే దాన్ని డిఫరెన్షియేట్ చేయుర్రి, ప్రశ్న మళ్ల రావాలె.

డెఫినిట్‌ల సబ్‌స్టిట్యూషన్ చేస్తే లిమిట్స్ కూడ మార్చాలె. సున్నా నుంచి పై బై ఫోర్ దాకా లాగ్ ఆఫ్ వన్ ప్లస్ టాన్ ఎక్స్ లెక్క తప్పకుండ చేయుర్రి, ఎక్స్ జాగల పై బై ఫోర్ మైనస్ ఎక్స్ పెట్టి రెండూ కలిపితే పై బై ఎయిట్ లాగ్ టూ ఎంత అందంగ వస్తదో.

లీనియర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ల ముందుగాల డీవై బై డీఎక్స్ ముంగట ఒకటే ఉండేటట్టు చేసుకోర్రి, ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ తర్వాత.

ఎగ్జామ్ హాల్‌ల స్టెప్పులు ఎగ్గొట్టకుర్రి, జవాబు తప్పినా వాటికి మార్కులు వస్తయ్. చివరి పది నిమిషాలు, లిమిట్స్ లేని ఇంటిగ్రేషన్ జవాబు చివర పెట్టే ప్లస్ సీ ఎక్కడన్న మర్చిపోయినమా అని చూస్కోర్రి.