ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గినా ప్రోటీన్ తగ్గకపోతే: నా అనుభవం

విశాఖలో మా ల్యాబ్ జూనియర్లు "అక్కా, ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గింది, ప్రోటీన్ తగ్గట్లేదు" అని అడుగుతూనే ఉన్నారు, అందుకే రాస్తున్నాను. ఎంఆర్‌ఎన్‌ఏ అంటే ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు. ఒక జన్యువు పనిని అణచడానికి ఆ నకలును తెగేలా చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను, అంటే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను, కణాలకు ఇస్తాం. నాకూ హీలా కణాల్లో (ల్యాబుల్లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఇదే జరిగింది. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ ఇచ్చిన 48 గంటలకు క్యూపీసీఆర్‌లో (ఎంఆర్‌ఎన్‌ఏను కొలిచే పరీక్ష) ఎంఆర్‌ఎన్‌ఏ బాగా తగ్గింది, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఎంతుందో గీతలా చూపే పరీక్ష) బ్యాండ్ మాత్రం పోలిక కోసం ఉంచిన కంట్రోల్‌తో సమానంగా నల్లగా ఉంది. డోసు పెంచాను, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను కణాల్లోకి చేర్చే రీఏజెంట్ మార్చాను, బ్లాట్‌లో ప్రోటీన్‌ను పట్టి చూపే యాంటీబాడీ కొత్తది తెప్పించాను, లాభం లేదు.

ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వల్ల తెగేది ఎంఆర్‌ఎన్‌ఏ. అప్పటికే తయారైన ప్రోటీన్ జోలికి అది పోదు, ఆ ప్రోటీన్ దానంతట అదే తరిగిపోవాలి.

అందుకని దానికి సమయం ఇవ్వాలని, అన్నాళ్ళూ కణాలు కిక్కిరిసిపోకుండా ఈసారి వాటిని పలచగా, ప్లేటు 30 శాతం నిండేలా వేశాను. మర్నాడు సీరం లేని మీడియంలో ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ, రీఏజెంట్ కలిపి, 20 నిమిషాలు ఆగి, యాంటీబయాటిక్ లేని మీడియంలో ఉన్న కణాలకు 20 నానోమోలార్ ఇచ్చాను. 48 గంటలకు అదే డోసు మళ్ళీ. 96 గంటలకు కణాలు తీశాను. బ్లాట్ చూస్తే ఆ బ్యాండ్ సన్నటి నీడలా మిగిలింది, పోలికకు చూసే యాక్టిన్ అనే ప్రోటీన్ చెక్కుచెదరలేదు. ప్రాణం లేచొచ్చింది! అదే జన్యువుకు వేరే సీక్వెన్స్ ఉన్న రెండో ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతోనూ అదే వచ్చాకే నమ్మాను.

నా ప్రోటీన్ నిదానంగా తరిగే రకం, అందుకే పనిచేసి ఉండొచ్చు. ఆ జన్యువు లేకపోతే కణాలే చనిపోయే పక్షంలో మాత్రం 96 గంటలు ఆగడం కుదరదు.