కరెంటు లేని చోట క్యాంపర్ వ్యాన్‌ని రాత్రంతా చల్లగా ఉంచుకోవడం ఎలా?

మే నెలలో మహారాష్ట్రలోని చంద్రాపూర్, రాజురా, సిరోంచ వైపు ఎండ 45 డిగ్రీలకు చేరడం మాకు మామూలే. అలాంటి రోజుల్లో వ్యాన్‌లో పడుకోవాలి అనగానే చాలామంది ఏ ఏసీ పెట్టించాలని అడుగుతారు. నేనైతే ఏసీ ఊసే ఎత్తను. పగలంతా రేకులోకి, పరుపులోకి, చెక్క అరల్లోకి ఎక్కిన వేడే రాత్రి మనల్ని ఉడికిస్తుంది కాబట్టి అసలు పని మధ్యాహ్నమే మొదలుపెట్టాలి. వేడిని ఎక్కనివ్వకుండా చూసి, ఎక్కిన కాస్తా పొద్దుగూకగానే దించేస్తే చిన్న ఫ్యానుతోనే నిద్ర పట్టేస్తుంది.

ముందు చోటు చూసుకోండి. మధ్యాహ్నం పూట పడమటి ఎండను ఆపే చెట్టు నీడ కావాలి. చీకటి పడ్డాక మాత్రం బండిని చెట్టు కింద నుంచి తీసి ఆకాశం కనిపించే చోట పెట్టండి, ఎందుకంటే మబ్బులేని రాత్రి వ్యాన్ టాప్ తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, పైన గుబురు కొమ్మలుంటే అంత తొందరగా చల్లారదు. తారు, సిమెంటు నేల వద్దు, రాత్రి పొద్దుపోయేదాకా సెగ కొడుతూనే ఉంటాయి. మట్టినేల మంచిది. సిరోంచ దగ్గర ప్రాణహిత ఇసుక చల్లగా ఉంది కదా అని బండిని నదిలోకి దింపకండి, చక్రాలు కూరుకుపోయాక పైనుంచి నీళ్లొస్తే బయటపడలేరు. అడవి దారిలో ఒంటరిగా ఆగడం కూడా వద్దు. తాడోబా చుట్టుపక్కల పులులు ఊళ్ల దాకా వస్తాయి, ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు ఆ చెట్ల కిందికే చేరతాయి. మనం కిటికీలు తెరుచుకుని పడుకోవాలి కాబట్టి లారీలు ఆగే ధాబానో పెట్రోలు బంకో చూసుకోండి, లేదంటే ఊళ్లో ఎవరినైనా అడిగి వాళ్ల కళ్లంలో పెట్టుకోండి.

ఆగిన వెంటనే అద్దాలు కప్పేయండి, అదీ బయటి నుంచి. లోపల పరదా కడితే ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. ముందు అద్దానికి మెరిసే షీటు, టాప్ మీద తెల్ల టార్పాలిన్ వేయండి. టార్పాలిన్ రేకుకు అంటకుండా కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి, ఆ సందులోంచి గాలి ఆడితేనే లాభం. సోలార్ ప్యానెళ్లు కాస్త ఎత్తు మీద బిగిస్తే అవీ నీడ ఇస్తాయి.

పొద్దు వాలాక, బయట గాలి లోపలి కంటే చల్లబడిందనిపించగానే తలుపులన్నీ బార్లా తెరిచి, అరలు కూడా తెరిచి, పరుపు తీసి బయట ఆరబెట్టండి. ఫోమ్ పరుపు వేడిని పట్టుకుని కూర్చుంటుంది, దాని బదులు నవారు మంచమో పలచటి బొంతో చాలా హాయి. టాప్ మీద రెండు బకెట్లు వాడుక నీళ్లు చల్లితే ఇంకా త్వరగా చల్లారుతుంది. కాగిన ముందు అద్దం మీద మాత్రం చల్లటి నీళ్లు పడనివ్వకండి, పగిలే ప్రమాదం ఉంది.

ఇక గాలి సంగతి. టాప్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకుని, తల దగ్గర కిందివైపు ఒక్క కిటికీ మాత్రం తెరవండి. అన్నీ తెరిస్తే ఫ్యాను లాగే గాలి మీ మీదుగా రాదు. గడ్చిరోలి వైపు మలేరియా ఉంది, కాబట్టి కిటికీకి దోమతెర తప్పనిసరి.

మా వైపు ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కనుక కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు లాగేసుకునే వేడి సుమారు ఏడు కిలోల ఐసు కరగడానికి పట్టే వేడితో సమానం, అందుకే ఐసు డబ్బా ముందు ఫ్యాను పెట్టే చిట్కా నాకు నచ్చదు. 12 వోల్టుల చిన్న కూలర్ కొని, గాలి బయటి నుంచి లాగేలా కిటికీకి ఆనించి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి పెట్టండి. అన్నీ మూసేస్తే తేమ లోపలే నిండి ఒళ్లంతా జిగటగా అయిపోతుంది. కూలర్ పనికొస్తుందో లేదో ముందే తెలుసుకోవచ్చు. గోడకు తగిలించే గాజు థర్మామీటర్ తీసుకుని అంకె చూడండి, తర్వాత దాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఐదు నిమిషాలు విసనకర్రతో విసిరి మళ్లీ చూడండి. ఎనిమిది పది డిగ్రీలు దిగితే కూలర్ వేసుకోండి. రెండు మూడే దిగితే, వానలు మొదలయ్యాక జరిగేది అదే, నీళ్లు తీసేసి ఉత్త ఫ్యానుతో సరిపెట్టుకోండి. ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు తేమకు కూడా ఇదే లెక్క. అటు రాయగడ, కొరాపుట్ వాళ్లకు ఇంకో దారి ఉంది, ఘాట్ ఎక్కేయడమే. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది.

బ్యాటరీ లెక్క తేలికే. 100 యాంప్ అవర్ల 12 వోల్టుల లిథియం బ్యాటరీలో సుమారు 1,200 వాట్ అవర్లు ఉంటాయి. 30 వాట్ల ఫ్యాను తొమ్మిది గంటలు తిరిగితే 270 ఖర్చు. దాని పక్కన 50 వాట్ల కూలర్ పెట్టినా ఇంకా మిగులుతుంది. అదే 400 వాట్ల చిన్న ఏసీ అయితే మూడు గంటల్లో ఖాళీ. మామూలు లెడ్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడకండి, పాడైపోతుంది.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి బండి ఏసీ వేసుకుని నిద్రపోవడం మాత్రం వద్దే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కిటికీ పక్కన జనరేటర్ పెట్టినా అదే ప్రమాదం. ఇంకొకటి, ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వ్యాన్‌ని చల్లబరిచే ప్రయత్నాలతో కాలయాపన చేయకుండా ఒళ్లంతా తడిపి, విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయండి.

తెల్లవారుజామున ఐదింటికి గాలి బాగా చల్లగా ఉంటుంది. ఆ కాసేపు ఫ్యాను ఫుల్‌లో పెట్టి లోపలికి చల్లగాలి నింపుకుని, ఎండ తగలకముందే కిటికీలు మూసి అద్దాలకు షీట్లు కట్టేయండి. ఎనిమిదింటి దాకా నిశ్చింతగా పడుకోవచ్చు.