డ్రాగన్ కనపడని వేటగాడు: పైథాన్‌లో నా అనుభవం

మా అమ్మాయికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుదామని ఇద్దరం ఓ చిన్న ఆట రాశాం. కాలంలో వెనక్కి వెళ్లే వేటగాడికి 1040 అని సంవత్సరం ఇస్తే డ్రాగన్ ఎదురుపడాలి. ఎన్నిసార్లు కొట్టినా "ఇక్కడ డ్రాగన్ లేదు" అనే వచ్చేది. ఎర్రర్ కూడా లేదు, అదే అసలు టెన్షన్.

ఖాళీలు సరిచేశాం, సంవత్సరం 1040 అవునా కాదా అని చూసే ఇఫ్ లైన్ తిరగరాశాం, పైథాన్ తీసేసి మళ్లీ ఎక్కించాం, లాభం లేదు.

చివరికి ఇఫ్‌కి పై లైన్‌లో ప్రింట్ పెట్టి, టైప్ ఫంక్షన్‌తో ఆ సంవత్సరం ఏ రకమో చూశాం. స్ట్రింగ్ (అంటే అక్షరాల వరస) అని తేలింది! పైథాన్ 3లో, మనం కొట్టింది తీసుకునే ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది. మనం సంఖ్య అనుకున్న 1040 దానికి వట్టి నాలుగు అక్షరాలు. దాన్ని అసలు సంఖ్య 1040తో రెండు సమాన గుర్తులు పెట్టి పోలిస్తే నోరెత్తకుండా 'కాదు' అనేస్తుంది. 'కంటే తక్కువ' గుర్తు వాడి ఉంటే టైప్ ఎర్రర్ వచ్చి అప్పుడే దొరికిపోయేది. ఇన్‌పుట్ మొత్తాన్ని అక్షరాల్ని సంఖ్యగా మార్చే ఇంట్ బ్రాకెట్లలో పెట్టాం, మళ్లీ నడిపాం, డ్రాగన్ వచ్చేసింది. సరదాకి మా అమ్మాయి ౧౦౪౦ అని తెలుగు అంకెలు కొట్టింది. అదీ పనిచేసింది!

మీ ఆటలోనూ ఇలాగే జరుగుతుంటే, తప్పు ఇదే కావాలని లేదు. పాత పైథాన్ 2 పాఠాల్లో ఇన్‌పుట్ వేరేగా నడుస్తుంది. "వెయ్యి" అని అక్షరాల్లో కొడితే మాది ఇప్పటికీ వాల్యూ ఎర్రర్‌తో ఆగిపోతుంది.